మడమకు తగిలిన నారు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆడమనిషి వయసును ఏళ్లలో చెప్పేవారు కాదు. నాట్లప్పుడు మడిలో ఎక్కడ నిలబడుతుందో చెప్పేవారు. నారు కట్టలు అందిస్తున్నదంటే ఇంకా పెళ్లీడు రాని పిల్ల. వరుస నడుమ నిలబడిందంటే ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న మనిషి. కాన్పయి లేచినదీ, మోకాళ్లు పట్టేసినదీ ఒడ్డు పక్కకు జరిగేవారు. కాన్పయినది కొన్నాళ్లకు మళ్లీ నడుమకు వచ్చేది. మోకాళ్లు పోయినది రాకపోయేది. ఆ తర్వాత మడిలో కనిపించడం మానేసి, కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకునేవాళ్లలో తేలేది. అప్పటికి ఆమె గురించి ఎవరూ ఏమీ చెప్పుకునేవారు కాదు.

మాది తిరుమలగిరి అంగడికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న పల్లె. చెల్కలే, అంటే మెట్ట చేలే ఎక్కువ. బావుల కిందా, కుంట కిందా ఉన్న కాస్త వరి పండే తరి పొలంలో చాలా భాగం ఒక్క పటేలుదే. ఆ పొలంలో నాట్లు వేసే గుంపు మా అవ్వది. అవ్వ అంటే మా బాపుకు తల్లి. బాపు పట్నంలో మట్టిపనికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాడు. ఇంట్లో మిగిలింది అవ్వ, అమ్మ, నేను, ఇంకా పాలు మరవని తమ్ముడు. ఇద్దరు ఆడవాళ్ల రెక్కల మీదే మా పొయ్యి వెలిగేది.

గుంపులో పదిహేను మంది దాకా ఉండేవారు. తెల్లవారుతుండగా అవ్వ వాడ వెంట నడుస్తూ ఒక్కో గుమ్మం ముందు ఆగి పిలిచేది. పిలిస్తే ఆ రోజు పని ఉన్నట్టు. రావద్దని ఆమె ఎవరితోనూ ఎన్నడూ అనలేదు. వద్దనుకున్న గుమ్మం ముందు ఆగకుండా నడిచిపోయేది, అంతే. లోపల ఆ మనిషి చీర బిగించుకుని, సద్ది మూట కట్టుకుని, ఆ అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి మళ్లీ దూరమైపోవడం వింటూ నిలబడేది. ఆ తర్వాత చీర ముడి విప్పుకుని, ఆ సద్దే ఇంట్లో కూర్చుని తినేది.

నాటు వేసేవాళ్లు వంగి వెనక్కి నడుస్తారు. వేసిన నారు కళ్ల ముందు ఉంటుంది, వేయాల్సిన బురద వీపు వెనక ఉంటుంది. ఒక్కొక్కరికి చేతులు అందినంత వెడల్పున ఒక పట్టె. దాన్ని మునుం అంటారు. పదిహేను మునుములూ ఒక్కటిగా వెనక్కి జరగాలి. ఎవరి చేయి ఆగినా ఆమె ఒక్కతే ముందు మిగిలిపోతుంది, పక్కవాళ్లు ఆమెను దాటి వెనక్కి పోతారు. అప్పుడు ఆ పక్కావిడా ఈ పక్కావిడా ఆమె వీపు వెనక చెరో వైపు నుంచి నారు వేసుకుంటూ వచ్చి కలిపేసేవారు. వంగి ఉన్న మనిషికి ఇదేదీ కనిపించదు. ఒక అడుగు వెనక్కి వేసినప్పుడు మడమకు నారు తగులుతుంది. అప్పుడు తెలుస్తుంది. ముందు తను వేసిన నారు, పక్కల వాళ్లు వేసిన నారు, వెనక మూసేసిన నారు, నడుమ మంచమంత బురద. అందులో మిగిలినదంతా ఒక్కతే నాటుకుని, వేసిన మొక్క తొక్కకుండా కాళ్లు ఎత్తెత్తి వేస్తూ బయటికి రావాలి. ఆలోపు మిగతావాళ్లు మడి ముగించి ఒడ్డెక్కి నిలబడి చూస్తుంటారు.

దీనికి వేరే పేరేమీ లేదు. మూసేసిన్రు అనేవారు. మొదటి కేక ఎప్పుడూ అవ్వదే. "ఇల్లు గట్టుకున్నవా? ఇగ సంసారం చేస్కో!" అనేది. ఒడ్డు ఒడ్డంతా నవ్వేది. నవ్వకపోతే రేపు తన వంతేమోనని నవ్వేవాళ్లూ ఉండేవారు. సత్తువ ఉన్న మనిషికి అది నవ్వుతో పోయేది, ఇక చేతకాదని తేలిన మనిషి గుమ్మం ముందు మాత్రం మర్నాడు అవ్వ ఆగేది కాదు.

పటేలు గొడుగు వేసుకుని ఒడ్డు మీద తిరుగుతుండేవాడు. వరుస వంకర పోయిందంటే పక్క ఊరి గుంపును పిలిపిస్తానని అనేవాడు. ఫలానా మనిషిని మూసేయమని ఆయన ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

ఆ ఏడు వానాకాలం నాట్లకు నాకు పదేళ్లు. నాట్లున్నన్ని రోజులూ బడి మానిపించి నన్ను కట్టలు అందించడానికి పెట్టారు. నారుమడి దగ్గర నుంచి కట్టలు తెచ్చి, వరుస వెనక బురదలో నిలబడి, ఎవరి కట్ట అయిపోవస్తే వాళ్ల వెనక ఒకటి వేయడం నా పని. వరుసలో అందరూ వంగి నేల చూస్తుంటే, అందరి వీపులూ ఒకేసారి చూడగలిగేది నేనొక్కదాన్నే.

నాట్లు మొదలైన నాలుగో రోజో ఐదో రోజో పక్కింటి చిన్నమ్మను మూసేశారు. ఆమెకు కాన్పయి రెండు నెలలు కూడా కాలేదు. ఒడ్డు పక్కన నిలబడతానంటే అవ్వ ఒప్పుకోలేదు. ఒక వైపు గట్టే ఉండి మూసేయడానికి వీలు చిక్కని ఆ చోట తనే నిలబడింది. ఒడ్డు మీద, మా తమ్ముణ్ని కూర్చోబెట్టిన చెట్టు కొమ్మకే కట్టిన గుడ్డ ఊయలలో బిడ్డ ఏడుస్తుంటే చిన్నమ్మ చేతులు తడబడ్డాయి. రెండుసార్లు లేచి చూసింది. మూడోసారి వెనక్కి అడుగు వేసేసరికి మడమకు నారు తగిలింది. ఆమె ఆ బురదలో మిగిలినదంతా నాటుకుని బయటికి వచ్చేదాకా బిడ్డ ఏడుస్తూనే ఉంది. రవికె ముందు భాగం పాలతో తడిసిపోయింది. అవ్వ ఎప్పటిలాగే కేక వేసింది. నేనూ నవ్వాను. ఇంటికి వస్తుంటే దారిలో అమ్మ "పచ్చి బాలింత గదత్తా" అంది. "ఆమెకు జాలి జూపెడితె పదిహేను గడపలకు గండి. నేను ఇద్దరిని కని నెల దిరగక ముందే నడుమ నిలవడ్డ" అంది అవ్వ.

అది నిజమే. నిజం కానిది ఇంకొకటి ఉంది. అది నాకు కట్టల వల్ల తెలిసింది.

అమ్మ వెనక వేసిన కట్టలు త్వరగా అయిపోయేవి. అవ్వ వెనక వేసినవి అలాగే బురదలో తేలుతుండేవి. ఇదేమిటని రెండు రోజులు జాగ్రత్తగా చూశాను. అవ్వ ఒడ్డు పక్కన నిలబడి, తన ఇవతల అమ్మను నిలబెట్టుకునేది. అమ్మ తన మునుంతో పాటు అవ్వ మునుంలో సగం కూడా వేసేది. చేయి అటు చాపి రెండు మూడు కుదుళ్లు గుచ్చి, మళ్లీ తన పట్టెలోకి వచ్చేది. ఎంత త్వరగా అంటే పక్కన ఉన్నవాళ్లకు కూడా తెలిసేది కాదు. అవ్వకు అప్పటికే కళ్లకు పొర కమ్ముతోంది. మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం చూపుతో కాదు, వేళ్లతో తడిమి కొలుచుకునేది. లేచేటప్పుడు మోకాలిని చేత్తో నొక్కిపట్టి లేచేది. అత్తాకోడళ్లు ఇద్దరూ ఈ మాట ఒకరితో ఒకరు అనుకున్నారో లేదో నాకు తెలియదు. ఇంట్లో నేనైతే వినలేదు. అమ్మ రాత్రి పడుకునేటప్పుడు నడుము కింద కుండపెంకు కాచి పెట్టుకోవడం మాత్రం చూశాను.

ఆ రోజు పొద్దు నెత్తిమీదికి వచ్చింది. బురదలో నా కాళ్లు పీకుతున్నాయి. ఒక కట్ట అందించడం ఆలస్యమైంది. అవ్వ నడుము ఎత్తి నావైపు తిరిగింది.

"ఏందే, కాళ్లకు గజ్జెలు గట్టుకున్నవా? నడవనీకి ముద్దుగున్నదా? తిండికైతె అందరికన్న ముందుంటవ్. పని దొంగ!"

అని ఒక బురద ముద్ద తీసి నా మీదికి విసిరింది. అది నా చెంప మీద పడింది. వరుసలోని ఆడవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్విందని ఆ క్షణంలో నాకనిపించింది. ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను.

"నేను గాదు దొంగను," అన్నాను. "నీ మునుం సగం అమ్మనే ఏస్తాంది. నీ కట్టలు ఒడుస్తనే లెవ్వు."

తెలియక అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. తెలిసే అన్నాను. ఆ మాటకు ఏం జరుగుతుందో పూర్తిగా తెలియదు గానీ, తగులుతుందని తెలుసు. తగలాలనే అన్నాను.

నవ్వు ఆగిపోయింది. వరుస మొత్తం ఒక్కొక్కరుగా నడుములు ఎత్తింది. మొదట మాట్లాడింది పక్కింటి చిన్నమ్మ.

"ఇన్నరా పిల్ల మాట? గట్లనా అత్తా? మాకెవ్వరికి లేని ఆసరా నీకేడికెల్లి వచ్చిందే?"

అమ్మ వంగే ఉంది. తల ఎత్తలేదు.

"నా పాలు బురదల కారంగ నన్ను మూసినవ్," అంది చిన్నమ్మ. "ఒడ్డు పక్కకు నిలవడ్తనంటె నిలవడనియ్యలె. ఇయ్యాల నువ్వు నడుమకు రా. నా పక్కకొచ్చి నిలవడు. జూస్తం."

"నాయమే గదా," అన్నారు ఇంకెవరో. "అందరికి ఒక్కటే మునుం."

"వస్త తియ్యి," అంది అవ్వ. "నడుమ నిలవడుడు నాకేమన్న కొత్తనా?"

ఒడ్డు మీంచి పటేలు ఏమైందని అరిచాడు. "ఏం లేదు పటేలా, జాగలు మార్చుకుంటున్నం" అని అవ్వే జవాబు చెప్పింది. బురదలో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి నడుమ నిలబడింది. ఒక పక్క చిన్నమ్మ. ఇంకో పక్కకు అమ్మ తనంతట తానే వచ్చింది. చిన్నమ్మ ఆమెవైపు చూసి, "చెయ్యి ఇటు రావొద్దక్కా. నా కండ్లు ఈన్నే ఉంటయి" అంది.

ఆ తర్వాత జరిగినదంతా నేను వెనక నుంచి చూశాను. కొంతసేపు అవ్వ అందరితో సమానంగానే వెనక్కి జరిగింది. అంత వేగంగా ఆమె నాటడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నాకు సంతోషం కూడా కలిగింది, నా మాట అబద్ధమైపోతే బాగుండుననిపించింది. తర్వాత ఆమె చేయి ఆగడం మొదలైంది. వేసిన మొక్కను తడుముకుని, కొలుచుకుని, మళ్లీ గుచ్చడం. చిన్నమ్మ ఒక అడుగు వెనక్కి వెళ్లింది, ఇంకో అడుగు వెళ్లింది. అవ్వ వీపు ఒంటరిగా మిగిలింది. చిన్నమ్మ చేతులు ఆ వీపు వెనక ఖాళీ బురదలోకి తిరిగాయి. ఒక్కో కుదురూ గుచ్చుకుంటూ అమ్మవైపు వస్తోంది.

అమ్మ మూయలేదు. చేతి వేగం తగ్గించింది. తనూ అవ్వ పక్కనే ఆగిపోవాలని చూసింది. వరుస ఆమె దగ్గర వంగింది.

"ఏమైందే ఆడ?" పటేలు గొంతు వినిపించింది. "వరుస వంకర వోతాంది. రేపు పక్కూరోళ్లను రమ్మందునా?"

"మూస్తవా అక్కా," అంది చిన్నమ్మ తలెత్తకుండానే, "లేకపోతె నిన్ను గూడ కలిపి మూయాల్నా?"

అమ్మ అవతల ఉన్నావిడ అప్పటికే ఒక అడుగు వెనక్కి పోయి ఉంది. ఇంకో నాలుగు కుదుళ్లయితే అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే గడిలో ఉండేవారు. గుంపు ఇంకొకరి చేతికి పోయేది, మర్నాడు మా గుమ్మం నుంచి ఒక్కరూ పనికి పోయేవారు కాదు.

అప్పుడు అవ్వ మాట్లాడింది. గొంతు ఎత్తలేదు. కట్టలు పట్టుకుని దగ్గరగా నిలబడ్డాను కాబట్టి నాకు వినిపించింది.

"మూసెయ్యి పిల్లా."

"అత్తా..."

"మూసెయ్యి అంటున్న. నువ్వు గూడ ఈన్నే వడితె పొయ్యిల పిల్లి లేవది."

అమ్మ రెండు పెద్ద అడుగులు వెనక్కి వేసింది. చేయి తిప్పి, ఐదో ఆరో కుదుళ్లు గుచ్చింది. ఆమె చేయి, చిన్నమ్మ చేయి ఒకచోట ఆగాయి. మూసుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వరుస వెనక్కి సాగిపోయింది.

అవ్వకు అన్నీ తెలుసు. అయినా నాటుకుంటూ అడుగు వెనక్కి వేసినప్పుడు మడమకు నారు తగిలితే ఉలిక్కిపడింది. కాలు తీసి, మళ్లీ మెల్లగా పెట్టి చూసింది. నిజంగానే ఉందా అన్నట్టు.

మడి అయిపోయింది. అందరూ ఒడ్డెక్కారు. కేక వేసే మనిషి మడిలో ఉంది. అందరూ అమ్మవైపు చూశారు.

"అనవేందక్కా?" అంది చిన్నమ్మ. "ఇగ గుంపు నీదేనాయె."

అమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగుకు ఉన్న బురద మొహానికి అంటుకుంది. నేను ఎన్నడూ వినని గొంతుతో అంది: "ఇల్లు గట్టుకున్నవా అత్తా? ఇగ సంసారం చేస్కో."

నవ్వారు. మొదట ఇద్దరు, తర్వాత అందరూ. చాలాసేపు నవ్వారు. ఎప్పుడో ఒకప్పుడు ఆ గడిలో నిలబడి వచ్చినవాళ్లే వాళ్లంతా.

పక్క మడికి నారు చాలలేదు. "ముసల్దాని కాడ కట్టలున్నయి, పట్టుకరాపో" అని పటేలు నాకు చెప్పాడు. నేను మొక్కలు తొక్కకుండా నడిచి ఆ గడిలోకి వెళ్లాను. అవ్వ దగ్గర ఆరు కట్టలున్నాయి. నేను వాటిని తీసుకోకుండా, ఒక కట్ట విప్పి ఆమె పక్కన వంగి నాటడం మొదలుపెట్టాను. ఆమె నా చేతి మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది.

"నిన్ను కట్టలు తెమ్మన్నరు. నాటమన్లె."

నాలుగు కట్టలు ఒక్కొక్కటే నీళ్లలో జాడించి, వేళ్ల బురద వదిలించి, కదిలిన కట్టు బిగించి నా చేతికిచ్చింది. రెండు తన దగ్గర ఉంచుకుంది. నేను కదలకుండా నిలబడ్డాను. ఆమె నా మొహం చూడలేదు.

"నడువు. ఆడ చేతులు ఆగుతయి."

ఆ సాయంత్రం ఇంట్లో నన్ను కొడతారనుకున్నాను. కొట్టలేదు. అమ్మ అందరికీ ఒకేలా బువ్వ పెట్టింది. కొట్టి ఉంటే ఆ సంగతి ఆ రోజుతో అయిపోయేదేమో.

తెల్లవారుతుండగా నాకు మెలకువ వచ్చేసరికి అవ్వ గడప మీద కూర్చుని ఉంది. చీర మోకాళ్ల పైకి బిగించి కట్టుకుంది. తలకు గుడ్డ చుట్టుకుంది. మూసెయ్యమని తన నోటితో తనే చెప్పిన మనిషి, రోజూ లేచే పొద్దుకే లేచి, తయారై కూర్చుంది. అమ్మ సద్ది కట్టుకుని లోపలి నుంచి వచ్చింది. గడప దగ్గర ఆగింది. దాటాలంటే అవ్వ జరగాలి. అమ్మ నావైపు తిరిగి, "నడువు బిడ్డా, పొద్దువోతాంది" అంది. నన్ను పిలిచింది. అవ్వను పిలవలేదు.

అవ్వ మోకాలు పక్కకు జరిపి దారి ఇచ్చింది.

వాకిట్లోకి వచ్చి అమ్మ మొదట ఆగింది పక్కింటి గుమ్మం ముందే. చిన్నమ్మను పిలిచింది. చిన్నమ్మ వెంటనే రాలేదు. బిడ్డను ఎత్తుకుని, మమ్మల్ని దాటి, మా గడప దగ్గరకు పోయింది. బిడ్డను అవ్వ ఒడిలో పెట్టింది. "నడుమల ఒకసారి ఒచ్చి పాలిచ్చిపోత" అని వచ్చి వరుసలో కలిసింది. ఆ రోజు ఆమె చేతులు తడబడలేదు. వెనక నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

తర్వాత మా గడప మీద తమ్ముడితో కలిపి ఇద్దరు బిడ్డలు ఉండేవారు, మరుసటి ఏడు నలుగురు. నడుమ మునుం పట్టిన ఆడవాళ్లందరూ తమ బిడ్డలను అవ్వ దగ్గర దింపి పోయేవారు. ఎవరైనా వచ్చి మీ అవ్వ ఏం చేస్తుందని అడిగితే మేమంతా ఒకే మాట చెప్పేవాళ్లం. ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది. అవ్వ కూడా అదే చెప్పేది. ఆమె పోయిన చాలా కాలానికి, బాపు పుట్టినప్పుడు ఆమెకెన్నేళ్లని విన్నానో గుర్తు చేసుకుని లెక్క వేశాను. మూసేసిన రోజుకు ఆమెకు యాభై దాటి ఉండవు.

నేను చదువుకుని పత్రికలో చేరాను. జిల్లా డెస్కులో వార్తలు దిద్ది పేజీలు పెట్టే పని. అప్పుడప్పుడు నేను రాసే రిపోర్టులకూ, నా ఎడిటింగుకూ మంచి పేరే ఉండేది. చూసింది చూసినట్టు చెబుతుందని పైవాళ్లు మెచ్చుకునేవారు. మా డెస్కులో ఒక అమ్మాయి కాన్పయి మూడో నెలలో తిరిగి వచ్చింది. పేజీ ఆలస్యం చేసేది. మధ్యలో ఫోను వస్తే లేచి పోయేది. కొన్ని వారాలు ఆమె పేజీలో సగం నేనే పెట్టాను. ఒకరోజు మీటింగులో ఎడిషన్ ఆలస్యానికి కారణం అడిగారు. నేను అలసిపోయి ఉన్నాను. ఆమె పేజీ సగం నేనే పెడుతున్నానని చెప్పాను. అబద్ధం కాదు. ఆమె నావైపు చూసి, తల దించుకుంది. ఆమెను తీసేయలేదు. ప్రూఫులు చూసే బల్లకు మార్చారు. ఆరు నెలలు కాకముందే ఆమె అంతట ఆమే మానేసింది. వెళ్లిపోయే రోజు స్వీట్లు పంచింది. నేను తీసుకున్నాను.

ప్రత్యేక రాష్ట్రం వచ్చాక ఒక ఎండాకాలం ఊరికి వెళ్లాను. పటేలు లేడు, ఆయన కొడుకులు ఉన్నారు. నాట్లకు ఎక్కడో తూర్పు రాష్ట్రాల నుంచి మగవాళ్ల గుంపులు వస్తున్నాయి. తాళ్లు పట్టి, పొద్దు పొడవకముందే దిగి, ఎకరాలకెకరాలు వేసి పోతున్నారు. అమ్మ గుంపు ఎప్పుడో చెదిరిపోయింది. ఎవరూ ఎవరినీ మూసేయాల్సిన అవసరం లేకుండానే అందరూ బయటికి వచ్చేశారు. అమ్మ ఆ తర్వాత పత్తి ఏరింది. పత్తి మూట మోయలేనప్పుడు ఉపాధి పనిలో అందరికీ నీళ్లందించే పని ఇచ్చారు. అదీ అయిపోయింది. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతోంది. తిరుమలగిరి నుంచి ఒక దుకాణం సేటు బస్తాలు దింపి పోతాడు. గింజ తీసి, పీచు తీసి ఇస్తే తూకం వేసి తీసుకుపోతాడు. ఆమె వేళ్లు చింతపులుపుకు ఒరిసిపోయి, గోళ్ల చుట్టూ ఎర్రగా ఉన్నాయి.

ఇంటింటి వివరాలు రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. అరుగు చివర కూర్చుని పేర్లు, వయసులు అడిగింది. చేతిలో కాగితాల మీద గడులున్నాయి. అమ్మ వయసు దగ్గరికి వచ్చాక, "అవ్వ ఏం పని చేస్తది?" అని అడిగింది. ఆమె అవ్వ అన్నది అమ్మనే, అడిగింది మాత్రం నన్ను.

"ఏం చేయదమ్మా. ఇంట్లోనే ఉంటుంది," అన్నాను.

అమ్మ చేతిలో బడితె ఉంది. ముందు చింతకాయల కుప్ప ఉంది. నోట్లోంచి మాట వచ్చేశాక అవి కనిపించాయి. సరిచేద్దామని, "అంటే, ఇదిగో, ఈ చింతపండు..." అని మొదలుపెట్టాను.

"ఉండనియ్యి," అంది అమ్మ. ఆ అమ్మాయివైపు తిరిగింది. "ఆమె చెప్పిందే రాస్కో బిడ్డా. మనుషుల సంగతి బయటవెట్టుడు దానికి చిన్నప్పటి సంది అలవాటే."

ఆ అమ్మాయి నవ్వులాటేమో అనుకుని నవ్వింది. అమ్మ నవ్వలేదు. కోపంగా కూడా లేదు. ఇంకో కాయ తీసి రాతి మీద పెట్టి కొట్టింది. గింజ ఎగిరి వాకిట్లో పడింది. అన్నేళ్లలో ఆ మడి సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. నేను చదువుకుంటానంటే పంపింది, ఉద్యోగమొస్తే ఊరంతా చెప్పుకుంది, నా పిల్లలను ఎత్తుకుంది. అన్ని పనుల అడుగునా అది అలాగే ఉందన్నమాట. డెస్కులో అమ్మాయి సంగతి ఆమెకు తెలియదు. నేనెన్నడూ చెప్పలేదు.

ఆ గడిలో ఏం రాసిందో నేను అడగలేదు.

అమ్మ అన్నాళ్లూ ఇంకో మనిషి పనిలో సగం చేసింది. నడుము కింద పెంకు కాచి పెట్టుకుంది గానీ నోరు విప్పలేదు. నేను మోసింది చాలా తక్కువ. మోసిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి చెప్పాను. నేను చెప్పకపోతే అవ్వ ఇంకో రెండేళ్లు వరుసలో ఉండేదేమో. అమ్మ నడుము రెండేళ్ల ముందే విరిగేదేమో. దీనికి జవాబు దొరుకుతుందని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. నిజం చెప్పడం మంచిదని బడిలో నేర్పారు, పత్రికలో దానికే జీతమిచ్చారు. ఎవరి ముందు చెబుతున్నామో, విన్నవాళ్లు దాంతో ఏం చేస్తారో చూసుకోవాలని మాత్రం ఆ మడిలో తప్ప నాకెవరూ నేర్పలేదు. ఆ పాఠం కూడా అయిపోయాకే అర్థమైంది.

ఇప్పటికీ ఇంకొకరి పని కొంత నా చేతుల మీద పడినప్పుడు ఆ మాట నాలుక చివరికి వచ్చి నిలబడుతుంది. ఒక్కోసారి ఆపుకుంటాను. ఆపుకున్న రోజులు నాకు గుర్తుండవు. ఆపుకోలేని రోజులు మనుషుల మొహాలతో సహా గుర్తున్నాయి.